సాయంత్రం నడకకు ఉదయగిరా, భైరవకోనా?

"ఆదివారం మధ్యాహ్నం బయల్దేరి పొద్దు పోయేలోగా చూసి రావాలి. ఉదయగిరి కొండ ఎక్కమంటారా, భైరవకోన గుహలకు పొమ్మంటారా?" కనిగిరి, పామూరు వైపు వాళ్లు ఈ మాట చాలామంది అడుగుతున్నారు. మొన్న అమ్మను తీసుకెళ్లాల్సి వచ్చినప్పుడు నేనూ ఇదే ఆలోచించాను.

ఉదయగిరి మూడు వేల అడుగులు దాటిన కొండ. కృష్ణదేవరాయలు నెలల తరబడి ముట్టడించి 1514లో గజపతుల నుంచి గెలుచుకున్న కోట. పైనుంచి చూడటానికి రెండు కళ్లూ చాలవు. కానీ నాలుగింటికి ఎక్కడం మొదలుపెడితే పైకి చేరేసరికే పొద్దు వాలుతుంది. దిగేటప్పుడు మసక చీకట్లో ఏ రాయి కాలి కింద కదులుతుందో తెలియదు. ఆ కొండకు తెల్లవారుజామే సరి.

నా ఓటు భైరవకోనకే. నడక తక్కువని కాదు, బండ చల్లబడుతుందని. ఒకే కొండను తొలిచిన ఎనిమిది శివాలయాల్లో ఏడు తూర్పు ముఖంగా ఉన్నాయి, ఒక్కటే ఉత్తరానికి. సాయంత్రం సూర్యుడు కొండ వెనక్కి పోతాడు కాబట్టి గుహల ముందంతా నీడ. చెప్పులు విప్పి నడవాల్సిన చోట ఇంతకంటే ఏం కావాలి? మేము నాలుగున్నరకు చేరాం. అమ్మ ముందు బొటనవేలు ఆనించి చూసింది, ఆ తర్వాత పాదం మోపింది. "గోరువెచ్చగానే ఉంది నాయనా, పద" అంది. మోకాళ్ల నొప్పులున్న మనిషి తొందరపడకుండా గుహగుహకూ ఆగి దణ్ణం పెట్టుకుంది.

అయితే ఆ వేళకు లోపల చీకటిగా ఉంటుంది, టార్చి తప్పనిసరి. శిల్పాల కోసమే వెళ్లేవాళ్లకు ఉదయం ఎండ మేలు. పౌర్ణమి సాయంత్రం మాత్రం వదులుకోవద్దు, పొద్దు కుంకే వేళకే చంద్రుడు గుహల ఎదురుగా తూర్పున లేస్తాడు. కార్తీక పౌర్ణమి వెన్నెల అక్కడి దుర్గమ్మ మీద పడుతుందని చెప్పుకుంటారు.

పెంచలకోన సంగతీ అడుగుతున్నారు. అది నరసింహస్వామి దర్శనానికి వెళ్లే చోటు, గుహల నడకకు కాదు.

భైరవకోనలో జలపాతం కూడా చూడాలంటే వానలు పడ్డాక వెళ్లండి, ఎండాకాలం ధార సన్నబడిపోతుంది. ఎండలు ముదిరిన రోజుల్లో, పెద్దవాళ్లు వెంట ఉంటే, కొండ నీడ గుహల ముందుకు వచ్చేదాకా వాళ్లను చెట్టు కిందే కూర్చోబెట్టండి.