నల్లగొండలో సెకండ్ హ్యాండ్ 1050 టీఐ గ్రాఫిక్స్ కార్డు కొంటున్నారా, జర ఆగండి

మా అక్క కొడుకు ఇంజనీరింగ్ చదువుతున్నాడు. వాడి డెస్క్‌టాప్‌లో గేమ్స్ కోసం విండోస్, కాలేజీ పనికి ఉబుంటు అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్, రెండూ ఉన్నాయి. నల్లగొండలోనే ఒక షాపులో 6,500 రూపాయలకు ఎన్విడియా కంపెనీ జీటీఎక్స్ 1050 టీఐ, 4 జీబీ అని చెప్పి ఒక కార్డు అంటగట్టారు. అది 1050 టీఐ కాదు. ఎప్పటిదో పాత కార్డుకు బయోస్ (కార్డు తన పేరు, వివరాలు చెప్పుకునే లోపలి సాఫ్ట్‌వేర్) మార్చి, పైన కొత్త పేరు రాసిన నకిలీ.

విండోస్‌లో చూస్తే అనుమానమే రాదు. డివైస్ మేనేజర్‌లో 1050 టీఐ అనే ఉంటుంది, మెమరీ 4 జీబీ అనే చూపిస్తుంది. "డ్రైవర్ నేనే వేసిచ్చిన, అప్‌డేట్ మాత్రం చేయకు తమ్మీ" అని షాపతను ముందే చెప్పి పంపాడు. డ్రైవర్ అంటే కార్డును నడిపించే సాఫ్ట్‌వేర్. గేమ్ మొదలుపెట్టిన కాసేపటికి స్క్రీన్ నల్లగా అయిపోయి సిస్టమ్ రీస్టార్ట్. అడిగితే ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌కు కరెంటు అందించే పెట్టె) వీక్‌గా ఉందని చెప్పి కొత్త ఎస్‌ఎంపీఎస్ కూడా అమ్మాడు మహానుభావుడు! అది మార్చినా అదే లొల్లి.

బండారం బయటపెట్టింది ఉబుంటు. అందులో మామూలుగా వచ్చే నూవో డ్రైవర్, బయోస్‌లో రాసిన పేరును నమ్మదు, నేరుగా చిప్‌నే చదువుతుంది. టెర్మినల్‌లో బూట్ మెసేజ్‌లు తీసి చూస్తే నూవో లైన్‌లో జీఎఫ్116 అని ఉంది. అసలు 1050 టీఐ అయితే జీపీ107 అని రావాలి. జీఎఫ్116 అంటే 2011లో వచ్చిన 550 టీఐలో ఉండే చిప్. దాంట్లో లెక్కలు చేసే కోర్లు 192 మాత్రమే, 1050 టీఐలో 768. సాధారణంగా ఆ పాత కార్డు మెమరీ 1 జీబీ, అది దాటగానే గేమ్ ఎందుకు పడిపోతోందో అప్పుడు అర్థమైంది. అంత పాత చిప్‌కు ఎన్విడియా కొత్త డ్రైవర్లు ఇవ్వడం ఎప్పుడో మానేసింది. అప్‌డేట్ వద్దన్నది అందుకే.

మీ దగ్గర ఉబుంటు లేకపోయినా పర్లేదు. పెన్‌డ్రైవ్‌లో లైవ్ ఉబుంటు (ఇన్‌స్టాల్ చేయకుండానే నడిచేది) వేసుకుని షాపులోనే బూట్ చేయించండి. విండోస్‌లో అయితే జీపీయూ-జెడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఇలాంటి కార్డులను చాలావరకు పట్టేసి, పేరు ముందే ఫేక్ అని చూపిస్తుంది. అంతకంటే ముందు కార్డు వెనక పోర్టులు చూడండి. నీలం రంగు వీజీఏ కేబుల్ పట్టే పోర్టు ఉంటే కచ్చితంగా అనుమానించాలి, ఎందుకంటే 1050 టీఐ చిప్‌లో వీజీఏకు కావలసిన అనలాగ్ అవుట్‌పుటే లేదు. మావాడికి ఆ పోర్టునే గొప్పగా చూపించి, "పాత మానిటర్‌కు కన్వర్టర్ ఖర్చు కూడా మిగిలింది" అన్నారట.

ఇంకోటి, బిల్లు. ఇచ్చింది ఎస్టిమేట్ అని రాసిన చిట్టీ. దాని మీద "గ్రాఫిక్ కార్డ్ 4 జీబీ" అని మాత్రమే ఉంది, మోడల్ లేదు, సీరియల్ నంబర్ లేదు. జీఎస్టీ బిల్లు మీద ఈ రెండూ రాయించుకోకుండా పైసలు ఇవ్వొద్దు.

పైసలు వాపస్ ఇవ్వనంటున్నారు, కావాలంటే ఇంకో కార్డు తీసుకోమంటున్నారు. మేం ఒప్పుకోలేదు. యూపీఐ రికార్డు, ఉబుంటు స్క్రీన్‌షాట్లు దగ్గర పెట్టుకుని వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు ఇచ్చాం. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాం. కేసు రెండేళ్ల లోపు వేయొచ్చు, కొన్న విలువ 5 లక్షల లోపు ఉంటే ఫీజు కూడా లేదు.