జాగ్రత్త: ‘దుబాయ్ డబ్బా’ కొనేముందు స్టిక్కర్ కింద ఏముందో చూడండి

శ్రీమంతాలకు, పుట్టినరోజులకు, ఊరికి వెళ్తూ చుట్టాల పిల్లలకు ఇవ్వడానికి విదేశీ చాక్లెట్ డబ్బాలు, క్రీములు, పాలపొడి కొనేవాళ్లు ఇది చివరిదాకా చదవండి. ‘ఇంపోర్టెడ్ ఐటమ్స్’ అని బోర్డు పెట్టుకున్న కొన్ని కొట్లలో మన దగ్గర రెండు మోసాలు ఒకేసారి జరుగుతున్నాయి. దుబాయ్‌లో ఉన్న ధరకు మూడింతలు గుంజుతున్నారు. దానికితోడు గడువు తీరిన సరుకును కొత్త స్టిక్కర్ వేసి అంటగడుతున్నారు. అడిగితే రెండింటికీ ఒకటే సమాధానం: “కస్టమ్స్ డ్యూటీ అమ్మా, మేమేం చెయ్యాలె.”

కరీంనగర్‌లో ఉండే మా చిన్నమ్మ మొన్న కార్తీక మాసంలో కూతురి శ్రీమంతం చేసింది. వాళ్లబ్బాయి షార్జాలో పనిచేస్తాడు. వచ్చిన ప్రతిసారీ పెట్టెలో టాంగ్, నిడో పాలపొడి, టైగర్ బామ్, చాక్లెట్లు తెచ్చి అందరికీ పంచడం వాడికి అలవాటు. ఈసారి వాడికి సెలవు దొరకలేదు. అందుకని చిన్నమ్మ బట్టలకని హైదరాబాద్ వచ్చినప్పుడు ఒక పెద్ద రోడ్డు మీదున్న కొట్లో ఆడబిడ్డల పిల్లలకోసం చాక్లెట్ డబ్బాలు, కూతురికోసం ఒక బాడీ లోషన్ కొన్నది. డబ్బా మీద ఎమ్మార్పీ 3,200 అని స్టిక్కర్ ఉంది. “మీకని 2,850కి ఇస్తున్నా” అన్నాడు. లోషన్ 1,250. బిల్లు అడిగితే “జీఎస్టీ బిల్లయితే ఇంకా పడుతుందమ్మా” అని తెల్ల కాగితం మీద మొత్తం రాసిచ్చాడు.

రాత్రి వీడియో కాల్‌లో షార్జాలో ఉన్న ఆ తమ్ముడు డబ్బా చూసి ధర అడిగాడు. చెప్తే నమ్మలేదు. మర్నాడు డ్యూటీ అయిపోయాక సూపర్ మార్కెట్‌కు వెళ్లి అదే డబ్బా, అదే బరువు, అదే రంగు, ధర చీటీతో సహా ఫొటో తీసి పంపాడు. 40 దిర్హమ్‌లు. దిర్హమ్ 24 రూపాయలు అనుకుంటే 960. లోషన్ 20 దిర్హమ్‌లు, అంటే 480.

“డబ్బా తిరగెయ్యి అమ్మా, కింద ఏం తేదీ ఉందో చూపించు” అన్నాడు. కింద తెల్ల స్టిక్కర్ ఉంది. దాని మీద ఇంగ్లిష్‌లో ఎమ్మార్పీ, గడువు 03/2026. ఇంకేమీ లేదు. కొబ్బరి నూనె రాసి కాసేపు నాననిచ్చి గోటితో మెల్లగా ఒలిస్తే అడుగున రేకు మీద ముద్రించిన అరబ్బీ తేదీలు రెండు కనిపించాయి. రెండోది గడువు తేదీ, దాంట్లో ఎడమ పక్క రెండు, చుక్క, రెండు, సున్నాలాంటి గుండ్రం. వాడు ఫోన్‌లోంచే చదివాడు: 2025, ఆరో నెల. మేం కొన్నది నవంబరులో.

ఈ అంకెలు గుర్తుపట్టడం కష్టం కాదు, నేర్చుకోండి. అరబ్బీలో చుక్క అంటే సున్నా. మన సున్నాలా గుండ్రంగా ఉన్నది ఐదు. చాలామంది బోల్తా పడేది ఇక్కడే. ఏడులా కనిపించేది ఆరు. ఇంగ్లిష్ ‘వి’ ఆకారం ఏడు, దాన్ని తలకిందులు చేస్తే ఎనిమిది. మూడును అటు తిప్పినట్టుండేది నాలుగు. ఒకటి, తొమ్మిది దాదాపు మనం రాసేవే. లిపి కుడి నుంచి ఎడమకు నడిచినా ఒక్కో సంఖ్యను మాత్రం మనలాగే ఎడమ నుంచి చదవాలి. తేదీలో సంవత్సరం ఎడమ చివర ఉండొచ్చు. అమెరికా డబ్బాలతో ఇంకో తిరకాసు ఉంది. అక్కడ నెల ముందు, రోజు తర్వాత రాస్తారు కాబట్టి 05/06 అంటే మే 6. మనం జూన్ 5 అనుకుంటాం.

డబ్బా ఒకటి విప్పాం. చాక్లెట్ల మీద తెల్లటి పూత ఉంది. ఆ పూత విషమేమీ కాదు, చాక్లెట్ ఎండకు కరిగి మళ్లీ గడ్డకడితే కొవ్వు పైకి తేలి అలా తెల్లబడుతుంది. కానీ ఆ డబ్బా ఎక్కడో గోడౌన్‌లోనో లారీలోనో మండుటెండలో మగ్గిందని దాన్నిబట్టి తెలుస్తుంది. అది కడుపుతో ఉన్న పిల్ల ఇంట్లో పంచాల్సిన డబ్బా. నాకు కోపం ధర మీదకంటే దీనిమీద ఎక్కువ.

ఇక ధర సంగతి. “డ్యూటీ” అన్న మాట వినగానే మనం నోరు మూసుకుంటాం. కాగితం తీసుకుని ఒక్కసారి లెక్క వేయండి. విదేశం నుంచి 100 రూపాయల చాక్లెట్ మన రేవుకు వచ్చిందనుకోండి. మామూలు రేటు ప్రకారం దిగుమతి సుంకం 30 శాతం, అంటే 30. ఆ సుంకం మీద సాంఘిక సంక్షేమ సర్‌చార్జి 10 శాతం, అంటే 3. మొత్తం 133. దానిమీద జీఎస్టీ. చాక్లెట్ల మీద 2025 సెప్టెంబరు 22 నుంచి అది 18 నుంచి 5 శాతానికి తగ్గింది. కలిపితే 139 రూపాయల 65 పైసలు. పాత రేటున వచ్చిన సరుకైనా 157 దాటదు. ఒప్పందాలున్న దేశాల సరుకైతే సుంకం ఇంకా తగ్గొచ్చు.

అదే 100 రూపాయల చాక్లెట్ షార్జాలో దిగితే? గల్ఫ్ సహకార మండలి దేశాలు ఆరింటికీ 2003 నుంచి ఉమ్మడి సుంకం ఉంది, చాలా సరుకుల మీద అది 5 శాతం. దుబాయ్, షార్జా ఉన్న ఎమిరేట్స్‌లో 2018 జనవరి నుంచి ఇంకో 5 శాతం వ్యాట్, అంటే అమ్మకం పన్ను. మొత్తం 110. కువైట్‌లో ఆ వ్యాట్ కూడా లేదు. సౌదీలో 2020 జూలై నుంచి 15 శాతం ఉంది. కాబట్టి గల్ఫ్ మొత్తం ఒకే ధర అని కూడా అనుకోవద్దు.

అంటే 110కీ 140కీ ఉన్న తేడా, పాత రేటున చూసినా 110కీ 157కీ ఉన్న తేడా న్యాయమైనది. షార్జాలో 960 ఉన్న డబ్బా పన్నుల లెక్కన ఇక్కడ 1,220 నుంచి 1,370 దాకా ఉండొచ్చు. దిగుమతి చేసినవాడి ఖర్చులు, ఇక్కడి రవాణా, కొట్టువాడి లాభం వేసి 1,600 అన్నా నేను ఒప్పుకుంటాను. గల్ఫ్‌లో సూపర్ మార్కెట్లు కంటైనర్ల లెక్కన కొంటాయి, మన దగ్గర అంత అమ్మకం లేదు, ఆ తేడా కూడా ఉంటుంది. అన్నీ ఒప్పుకున్నా 2,850కి లెక్క కుదరదు.

అసలు సంగతి ఇంకోటి ఉంది. సుంకం కట్టి పద్ధతిగా తెచ్చిన డబ్బా మీద దిగుమతిదారు పేరు, చిరునామా ఉంటాయి, ఉండి తీరాలి. మా డబ్బా మీద లేవు. పేరు లేని సరుకు చాలావరకు ఎవరో ప్రయాణికుల సామాన్లలో వచ్చిందే కావచ్చు. సొంతానికి, కానుకలకు తెచ్చుకోవడానికి ఇచ్చిన మినహాయింపులో తెచ్చి కొట్లో పెట్టి అమ్మడం తప్పు. అలా వచ్చినదానికి కట్టిన డ్యూటీ ఎంత? ఏమీ లేదు. కట్టని డ్యూటీని మన దగ్గర వసూలు చేస్తున్నారు! అందుకే బిల్లు ఇవ్వరు. అందుకే ఫోన్ నంబరు ఉండదు. రేపు ఏదైనా అయితే ఎవరిని పట్టుకోవాలి?

మేం డబ్బాలు తీసుకుని కొట్టుకు వెళ్లాం. ముందు డ్యూటీ అన్నాడు. తర్వాత కోకో రేటు పెరిగిందన్నాడు. కోకో పెరిగిన మాట నిజమే. 2024 డిసెంబరులో న్యూయార్క్ మార్కెట్లో టన్ను 12 వేల డాలర్లు దాటింది. కానీ ఆ రేటు షార్జా డబ్బాకూ వర్తిస్తుంది కదా, అక్కడేమీ కోకో తోటలు లేవు. డాలరు పెరిగిందన్నాడు. అదీ సగం నిజం. దిర్హమ్‌ను 1997 నుంచి డాలరుకు 3.6725 దగ్గర కట్టేసి ఉంచారు కాబట్టి డాలరు ముందు రూపాయి పడితే దిర్హమ్ ముందూ పడుతుంది. కానీ నేను వేసిన 24 రూపాయల లెక్కలో అది కలిసే ఉంది. స్టిక్కర్ ఒలిచిన డబ్బా ముందు పెట్టాక గొంతు మారింది. “వేరే పార్టీ దగ్గర తెచ్చినం అమ్మా, మాకు తెల్వదు” అన్నాడు. విప్పని డబ్బాలకు డబ్బు తిరిగిస్తా, అవి ఇక్కడే పెట్టి పొమ్మన్నాడు. చిన్నమ్మ ఇవ్వనంది. “పెడితే మళ్లీ ఇంకొకరికి అమ్ముతవు గదా బాబూ” అని రెండు డబ్బాలు సంచిలో వేసుకుని వచ్చేసింది. వాటి డబ్బు రాలేదు. ఆమె చేసింది సరైన పని అని నా అభిప్రాయం.

కొనేటప్పుడు చూడాల్సినవి చెప్తాను. 2011 నాటి తూనికలు కొలతల ప్యాకేజీ నిబంధనల ప్రకారం దిగుమతి ప్యాకెట్ మీద దిగుమతిదారు పేరు, చిరునామా, ఏ దేశంలో తయారైందో, నికర బరువు, అన్ని పన్నులూ కలిపిన ఎమ్మార్పీ, ఫిర్యాదుకు నంబరు ఉండాలి. తినే వస్తువైతే కేంద్ర ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ గుర్తు, 14 అంకెల లైసెన్సు నంబరు కూడా ఉండాలి. ఇక్కడ అంటించే స్టిక్కర్ దిగుమతిదారు వివరాలు, లైసెన్సు, శాకాహార గుర్తు లాంటివాటికోసమే. తయారీ తేదీ, గడువు తేదీ తయారుచేసిన కంపెనీ ముద్రించినవే ఉండాలి, వాటి మీద స్టిక్కర్ కప్పి ఉంటే ఇక రెండో మాట లేకుండా వెనక్కి పెట్టేయండి. ఏ దేశంలో తయారైందో చూడమనడానికి ఇంకో కారణం ఉంది. కల్తీ పాలపొడి గొడవ తర్వాత చైనా పాల ఉత్పత్తుల దిగుమతిని మన దేశం 2008లో నిషేధించింది, చాక్లెట్లు కూడా అందులోకి వస్తాయి. దేశం పేరు దాచిన డబ్బా ఎక్కడిదో మీకు ఎలా తెలుస్తుంది?

క్రీములు, లోషన్లు, షాంపూలకైతే దిగుమతిదారు పేరుతోపాటు రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ నంబరు ఉండాలి. మా చిన్నమ్మ కొన్న లోషన్ మీద అదీ లేదు. ఆన్‌లైన్‌లో కొనేవాళ్లకు కూడా ఇదే చెప్తాను. ఎమ్మార్పీ, తయారైన దేశం లాంటి వివరాలు అమ్మకం పేజీలోనే చూపాలని 2018 నుంచి నిబంధన ఉంది. అవి లేని అమ్మకందారు దగ్గర ఎంత పెద్ద తగ్గింపు కనిపించినా ఆశపడొద్దు.

ధర పోల్చేటప్పుడు ఒక్క జాగ్రత్త. గల్ఫ్‌లో కొట్టు అర మీద రాసిన ధరలో పన్ను కలిసే ఉంటుంది, మన ఎమ్మార్పీలోనూ కలిసే ఉంటుంది. అమెరికాలో కలవదు. డాలస్‌లో ఉన్న మీ అక్క పది డాలర్లని చెప్తే, టెక్సాస్‌లో మామూలు కిరాణాకు పన్ను లేకపోయినా చాక్లెట్లకు ఉంది కాబట్టి కౌంటర్ దగ్గర ఇంకో 80 సెంట్లకు పైనే పడుతుంది. చూస్తున్న బరువు అదేనా, కాదా అన్నది కూడా అడగండి. ఒకే బొమ్మతో 600 గ్రాములు, 900 గ్రాముల డబ్బాలు రెండూ ఉంటాయి.

‘దుబాయ్‌దే ఒరిజినల్, ఇండియాది డూప్లికేట్’ అనే మాటను దయచేసి నమ్మొద్దు. దుబాయ్ కొట్లో ఉన్న డబ్బా కూడా టర్కీ నుంచో, ఈజిప్టు నుంచో, పోలండ్ నుంచో వచ్చిన దిగుమతి సరుకే కావచ్చు. చాలా పెద్ద బ్రాండ్లకు మన దేశంలోనే ఫ్యాక్టరీలున్నాయి. ఇక్కడ తయారైనది చవకగా, కొత్త తేదీతో, అడిగితే పలికే నంబరుతో దొరుకుతుంది. అందరు విదేశీ సరుకు కొట్లవాళ్లూ ఇలాంటివాళ్లే అని నేను అనను. దిగుమతిదారు స్టిక్కర్ ఉన్న సరుకు పెట్టి, అడక్కుండానే పక్కా బిల్లిచ్చే కొట్లు హైదరాబాద్‌లో, విజయవాడలో, విశాఖలో ఉన్నాయి. వాళ్ల దగ్గర నాలుగు డబ్బులు ఎక్కువైనా ఇవ్వండి.

ఇప్పటికే మోసపోయినవాళ్లు జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం 1915కి ఫోన్ చేయండి. ధర, స్టిక్కర్ సంగతి మీ జిల్లా తూనికలు కొలతల అధికారికి, గడువు తీరిన తిండి సంగతి ఆహార భద్రత అధికారికి రాతపూర్వకంగా ఇవ్వండి. నష్టపరిహారం కావాలంటే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది, చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు లేదు. బిల్లు లేకపోయినా ఫోన్ పేలోనో గూగుల్ పేలోనో కట్టిన వివరం సాక్ష్యంగా పనికొస్తుంది, కాబట్టి ఇలాంటి కొట్లో నగదు ఇవ్వొద్దు. స్టిక్కర్ ఒలిచే ముందు ఒక ఫొటో, ఒలిచాక ఒక ఫొటో, వీలైతే ఒలుస్తుండగా వీడియో తీయండి. ఒలిచిన స్టిక్కర్‌ను పారేయకుండా ఒక ప్లాస్టిక్ కవరులో పెట్టుకోండి. మేం ఫిర్యాదు ఇచ్చాం, ఆ రెండు డబ్బాలు విప్పకుండా చిన్నమ్మ బీరువాలో ఉంచాం, అధికారులు అడిగిన రోజు తీసుకెళ్లి ఇస్తాం. ఈ మధ్య ఎవరైనా ఇలాంటి డబ్బాలు తెచ్చి ఇంట్లో పెట్టుకుని ఉంటే పిల్లల చేతికి ఇచ్చే ముందు అడుగు భాగం చూడండి.