ఆంప్ లేని పబ్బులో బేస్: శాన్స్ఆంప్ బేస్ డ్రైవర్ డీఐ వీ2 రివ్యూ

బెంగళూరు పబ్బుల్లో వాయించే బేసిస్టు (బేస్ గిటారిస్టు) గిగ్, అంటే కచేరీ, ఒప్పుకునే ముందు అడగాల్సిన మొదటి ప్రశ్న డబ్బుల గురించి కాదు, "అక్కడ బేస్ ఆంప్ (యాంప్లిఫయర్) ఉందా?" అని. ఇందిరానగర్ అయినా, కోరమంగల అయినా, మనవాళ్ళు తెలుగు నైట్లు పెట్టే మారతహళ్ళి, వైట్‌ఫీల్డ్ వైపైనా జవాబు చాలాసార్లు ఒకటే: "మిక్సర్ ఉంది, లైన్ ఇస్తాం." కొన్నిచోట్ల మూలన ఉన్న గిటార్ ఆంప్ చూపించి ఇందులో పెట్టేయమంటారు. పెట్టకండి. దాని స్పీకర్ బేస్ తీగల కింది స్వరాల కోసం చేసింది కాదు. డ్రమ్స్‌ను దాటి వినబడేలా పెంచితే కోన్ చిరిగి, ఆ ఖర్చు మీ పేమెంట్‌లో కోతగా వస్తుంది. పోనీ సొంత ఆంప్ మోసుకెళ్దామంటే అది పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళినట్టే. స్టేజీ మీద డ్రమ్స్, కీబోర్డు పెట్టాక మిగిలేది రెండు అడుగుల చోటు.

బేస్‌ను నేరుగా మిక్సర్‌లో గుచ్చితే ఏమవుతుంది? పాసివ్ బేస్ (లోపల ప్రీఆంప్, అంటే సిగ్నల్‌ను బలపరిచే సర్క్యూట్, లేనిది) పికప్ బలహీనమైన మూలం. దాని సిగ్నల్ చెడకుండా అందుకోవాలంటే అవతలి ఇన్‌పుట్ ఇంపెడెన్స్ (సిగ్నల్‌కు ఎదురయ్యే నిరోధం) 1 మెగా ఓమ్ దరిదాపుల్లో ఉండాలి. మిక్సర్ లైన్ ఇన్‌పుట్‌లో అది 10 కిలో ఓముల ప్రాంతంలో ఉంటుంది. ఆ బరువుకు పికప్ కుంగి, పైస్వరాలు రాలిపోయి, దిండు కింద మోగిస్తున్నట్టు మూగశబ్దం మిగులుతుంది. అందుకే డీఐ (డైరెక్ట్ ఇంజెక్షన్) బాక్స్, బేస్ సిగ్నల్‌ను మిక్సర్‌కు సరిపడేలా మార్చే పెట్టె. ట్రాన్స్‌ఫార్మర్‌తో చేసిన పాసివ్ డీఐలు కూడా సుమారు 140 కిలో ఓములే చూపిస్తాయి. ప్రీఆంప్ ఉన్న యాక్టివ్ బేస్‌కు అది చాలు, పాసివ్ బేస్‌కు చాలదు.

ఈ ఖాళీని పూడ్చే పెట్టెల్లో పాత కాపు టెక్ 21 కంపెనీ శాన్స్ఆంప్. పేరులోని "శాన్స్" ఫ్రెంచి మాట, "లేకుండా" అని అర్థం. ఆంప్ లేకుండా ఆంప్ శబ్దం, అదీ డిజిటల్ మోడలింగ్‌తో కాకుండా పూర్తిగా అనలాగ్ సర్క్యూట్‌తో. మొదటి బేస్ డ్రైవర్ డీఐ 90ల ఆరంభం నుంచీ స్టేజీల మీద ఉంది. ఇక్కడ చూస్తున్నది దాని వీ2. లోహపు పెట్టె, ఏడు నాబ్‌లు, ఒక ఫుట్‌స్విచ్, కొన్ని చిన్న బటన్లు. ఎక్స్‌ఎల్‌ఆర్ (మైకులకు వాడే మూడు పిన్నుల కనెక్టర్) అవుట్ మిక్సర్‌కు పోతుంది. క్వార్టర్ ఇంచ్ అవుట్ స్టేజీ మీద చిన్న ఆంప్ ఉంటే దానికి. ఇంకోటి పారలల్ అవుట్, ఏ ఎఫెక్టూ కలవని ముడి సిగ్నల్ అందులోంచి వస్తుంది.

ఈ పెట్టెలో ప్రాణం బ్లెండ్ నాబ్. మీ బేస్ అసలు శబ్దాన్నీ, ట్యూబ్ ఆంప్‌ను అనుకరించే సర్క్యూట్ శబ్దాన్నీ ఏ పాళ్ళలో కలపాలో అది చెబుతుంది. పూర్తిగా ఎడమకు తిప్పితే ఆంప్ భాగం ఉండదు, కాబట్టి డ్రైవ్ (ఆంప్ గరుకుదనం), ప్రెజెన్స్ (పైస్వరాల పదును) నాబ్‌లు ఎంత తిప్పినా ఏమీ మారదు. "డ్రైవ్ పనిచేయడం లేదు, పాడైంది" అనుకునేవాళ్ళు ముందు బ్లెండ్ చూసుకోవాలి. బేస్, ట్రెబుల్, లెవెల్ మాత్రం ఎప్పుడూ పనిచేస్తాయి.

పాత మోడల్ మీద అందరికీ ఉన్న ఫిర్యాదు వేరు. బ్లెండ్ కుడికి పెంచే కొద్దీ మధ్య స్వరాలు లోతుగా పడిపోయేవి, వాటిని మళ్ళీ లేపడానికి మిడ్ నాబ్ లేదు. ఇంట్లో ఒంటరిగా వాయిస్తే గంభీరంగా ఉండే శబ్దం రెండు గిటార్ల మధ్య అయిపు లేకుండా పోయేది. వీ2లో మిడ్ నాబ్ వచ్చింది, దాన్ని 500 హెర్ట్జ్‌కో 1000 హెర్ట్జ్‌కో మార్చుకునే బటన్ వచ్చింది. వేళ్ళతో వాయించేవాళ్ళకు 500 మంచిది, స్వరానికి కండ పడుతుంది. పిక్‌తో వాయించినా, స్లాప్ చేసినా (బొటనవేలితో తీగను కొట్టినా) 1000 వైపు తీగ తాకిడి స్పష్టంగా వస్తుంది. కానీ కీబోర్డు, గిటార్, గాయకుడి గొంతు అన్నీ అక్కడే తోసుకుంటాయి. సెకండ్‌హ్యాండ్‌లో పాతది చవగ్గా దొరికినా, బ్యాండ్‌లో వాయించేవాళ్ళకు వీ2యే సరైనది.

రెండో కొత్త బటన్ బేస్ షిఫ్ట్, బేస్ నాబ్ 40 హెర్ట్జ్ దగ్గర పనిచేయాలో 80 దగ్గరో ఎంచుకునేది. పబ్బుల్లో ఇదే ఎక్కువ పనికొస్తుంది, ఎక్కువమంది తప్పుగా వాడేదీ ఇదే. ఫ్రెట్ నొక్కకుండా మోగించే ఈ (E) తీగ 41 హెర్ట్జ్, ఏ (A) తీగ 55, డి (D) 73, జి (G) 98. ఐదు తీగల బేస్‌లో కింది బి సుమారు 31. ఈ లెక్క చూసి 40 పెడితే లోతు వస్తుందని ఆశ పుడుతుంది. అయితే చిన్న పబ్బులో గోడకు బిగించిన టాప్ స్పీకర్లు రెండే ఉండి సబ్‌వూఫర్ లేకపోతే, 40 హెర్ట్జ్ ఆ గదిలో వినబడనే వినబడదు. అక్కడ పెంచిన ప్రతి డెసిబెల్ స్పీకర్ కోన్‌ను ఊపుతుందే గాని శబ్దంగా మారదు. పైగా స్పీకర్లను కాపాడే లిమిటర్ మొదలై గాయకుడి గొంతు కూడా లోపలికి పోతుంది. సబ్ లేని చోట 80కి మార్చి, డ్రైవ్ కొంచెం పెంచండి. E తీగ మూలస్వరం 41 మోగకపోయినా, 82, 123 దగ్గరి హార్మోనిక్‌లు (పై ఉపస్వరాలు) బలంగా వినిపిస్తే చెవి కింది స్వరాన్ని తనే ఊహించుకుంటుంది. డ్రైవ్ అంటే రాక్ డిస్టార్షన్ అనుకుని భయపడేవాళ్ళు దీన్ని పావువంతు తిప్పి చూడాలి. మెలొడీ పాటలో కూడా అది డిస్టార్షన్‌లా వినిపించదు, బేస్ మాత్రం చివరి టేబుల్ దాకా చేరుతుంది.

సబ్ ఉన్న చోట 40 పెట్టొచ్చు, నాబ్‌ను మాత్రం (గడియారం ముల్లు లెక్కన) పన్నెండు గంటల స్థానం దాటించకండి. ఒకవేళ బేస్ పలచగా ఉంటే పెట్టెను తిట్టే ముందు మిక్సర్ చానల్ మీద లో కట్ (కింది స్వరాలను కోసే) బటన్ చూడమని సౌండ్ ఇంజినీర్‌ను అడగండి. గొంతు మైకుల కోసం అది నొక్కి వదిలేస్తారు. చిన్న మిక్సర్లలో అది 80, 100 హెర్ట్జ్‌ల దగ్గర కోస్తుంది, అంటే మీ E తీగ మూలస్వరం చాలావరకు అక్కడే పోతుంది.

మైక్రో బ్రూవరీల తంటా ఇంకోరకం. ఒకవైపు అద్దాల గోడ, ఇంకోవైపు స్టీలు ట్యాంకులు, కింద గట్టి ఫ్లోర్. పైకప్పు 3 మీటర్లుంటే నేలకూ కప్పుకూ మధ్య దాదాపు 57 హెర్ట్జ్ దగ్గర స్వరం నిలబడి ఉరుముతుంది. అది A తీగ 55కు పక్కింటి స్వరం. అంటే A మేజర్ పాట వచ్చినప్పుడల్లా గది మొత్తం మోగి, మిగతా స్వరాలు పీలగా ఉంటాయి. అదే A స్వరాన్ని E తీగ అయిదో ఫ్రెట్‌లో వాయిస్తే తప్పుతుందనుకోవద్దు, ఫ్రీక్వెన్సీ అదే. పై ఆక్టేవ్‌కు వెళ్ళాలి, లేదా బేస్ నాబ్ పదకొండు గంటలకు తగ్గించాలి. అలాంటి గదిలో 40 హెర్ట్జ్ పెంచడం గోరుచుట్టు మీద రోకటి పోటు. రూఫ్‌టాప్‌లో దీనికి తలకిందులు: ఆసరా ఇచ్చే గోడలే ఉండవు, బేస్ గాలిలో కలిసిపోతుంది. వాల్యూమ్ పెంచి సర్దుకుందామంటే శబ్ద కాలుష్య నియమాలు, 2000 అడ్డొస్తాయి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా మూసిన ప్రదేశాల్లో తప్ప లౌడ్‌స్పీకర్ వాడకూడదు. కాబట్టి రూఫ్‌టాప్‌లో మిడ్‌ను నమ్ముకోవాలి. 500 దగ్గర ఒంటిగంట దాకా తిప్పండి.

తెలుగు నైట్ సెట్‌లో ఇంకో చిక్కు ఉంటుంది. తీన్‌మార్ పాటలు వచ్చాయంటే డ్రమ్మర్ ప్యాడ్‌లోంచి డప్పు, డోలు శాంపిళ్ళు వదులుతాడు. వాటి అడుగు శబ్దం మీ కింది ఆక్టేవ్‌ను మింగేస్తుంది. అక్కడ బేస్ నాబ్ కొంచెం తగ్గించి మిడ్ పెంచితే రెండూ విడివిడిగా నిలబడతాయి. లాప్‌టాప్‌లో ట్రాక్ నడిపే బ్యాండ్ అయితే అందులో బేస్ ఉందో లేదో రిహార్సల్‌లోనే అడగండి. ట్రాక్‌లోని బేస్, మీ బేస్ ఒకే లైన్ వాయిస్తే రెండింతలు వినబడుతుందనుకుంటాం. ఫేజ్ (తరంగాల అడుగులు) కుదరకపోతే ఒక్కోసారి రెండూ కలిసి మాయమవుతాయి.

ఇక కరెంటు. వీ2 మూడు రకాలుగా నడుస్తుంది: 9 వోల్టుల బ్యాటరీ, అడాప్టర్, మిక్సర్ ఎక్స్‌ఎల్‌ఆర్ కేబుల్‌లోంచే పంపే ఫాంటమ్ పవర్. అడాప్టర్ 9 వోల్టుల డీసీ, మధ్య పిన్ను నెగెటివ్ ఉండాలి. ఫాంటమ్ సుఖంగా కనిపిస్తుంది, వైరు ఒకటి తగ్గుతుంది. అయితే ఫాంటమ్‌కూ గ్రౌండ్‌కూ బటన్ ఒక్కటే. ఫాంటమ్ కావాలంటే గ్రౌండ్ కలపాల్సిందే. హమ్ (కరెంటు వల్ల వచ్చే గుయ్ మోత) వస్తే గ్రౌండ్ విడదీయాలి, విడదీస్తే ఫాంటమ్ రాదు. అడకత్తెరలో పోకచెక్క. ఈ డిజైన్‌లో నచ్చని విషయాల్లో ఇది మొదటిది. కాబట్టి ఫాంటమ్ ఉన్నా సరే అడాప్టరో, కొత్త ఆల్కలైన్ బ్యాటరీయో సంచిలో ఉండాలి. మూలమీద కొట్టులో అమ్మే మామూలు 9 వోల్టుల జింక్ బ్యాటరీ మొదటి సెట్‌కు వచ్చినా రెండో సెట్‌లో గరగరమంటుంది. ఇన్‌పుట్‌లో జాక్ ఉన్నంతసేపూ బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది, బ్రేక్‌లో తీసేయండి.

హమ్ ఎక్కడినుంచి వస్తోందో కనుక్కోవడం తేలిక. బేస్ పట్టుకుని ఒళ్ళు అటూ ఇటూ తిప్పండి. హమ్ పెరిగీ తగ్గీ మారుతుంటే అది పికప్ పట్టుకుంటున్నది, లైట్ల డిమ్మర్లు గానీ, ఎల్‌ఈడీ సప్లైలు గానీ కారణం. జాజ్ బేస్ అయితే రెండు వాల్యూములూ సమానంగా ఫుల్ పెడితే చాలావరకు పోతుంది. ఎంత తిరిగినా మారకపోతే గ్రౌండ్ లూప్ (గ్రౌండ్ రెండు దారుల్లో కలవడం). అప్పుడు బటన్ విడదీయండి, లాప్‌టాప్ చార్జర్ పీకి బ్యాటరీ మీద నడపండి. మన కరెంటు హమ్ 50 హెర్ట్జ్, E తీగ మూడో ఫ్రెట్ జి స్వరం 49. జి లో పాటలు వాయించేటప్పుడు హమ్ ఉన్నట్టే తెలియదు, పాట ఆగాక మేనేజర్ వచ్చి చెబుతాడు. ఒక్క పని మాత్రం ఎవరు సలహా ఇచ్చినా చేయకండి: ప్లగ్ పైన ఉండే లావు ఎర్త్ పిన్ను తీసేయడం. బేస్ తీగలు గ్రౌండ్‌కు కలిసి ఉంటాయి. ఎర్త్ లేని సిస్టమ్‌లో తీగల మీద చేయి, మైకు మీద పెదవి ఉంటే షాక్ కొట్టే ప్రమాదం ఉంది.

లెవెల్ విషయానికొస్తే, ఎక్స్‌ఎల్‌ఆర్‌ను మైక్ ఇన్‌పుట్‌లో పెట్టేటప్పుడు సిగ్నల్‌ను తగ్గించే మైనస్ 20 డెసిబెల్ ప్యాడ్ బటన్ నొక్కి ఉంచండి. లేకపోతే యాక్టివ్ బేస్‌తో స్లాప్ కొట్టగానే చానల్‌లో ఎర్రలైటు. పెట్టెలోనే శబ్దం చిట్లుతోందా, మిక్సర్‌లోనా అన్నది ఫుట్‌స్విచ్ నొక్కి చూడండి. బైపాస్‌లో (ఎఫెక్ట్ ఆపినప్పుడు) కూడా ఎక్స్‌ఎల్‌ఆర్ నుంచి శుభ్రమైన సిగ్నల్ వస్తూనే ఉంటుంది. ఆన్‌లో, బైపాస్‌లో వాల్యూమ్ ఒకేలా వచ్చేదాకా లెవెల్ తిప్పి ఆపండి. ఫాంటమ్ ఆన్‌లో ఉండగా కేబుల్ గుచ్చితే స్పీకర్‌లో టప్పుమంటుంది, ముందే చానల్ మ్యూట్ చేయించండి.

లేనివి కూడా చెప్పుకోవాలి. ట్యూనర్ లేదు. ఫుట్‌స్విచ్ మ్యూట్ చేయదు, బైపాసే చేస్తుంది. పాటల మధ్య శ్రుతి చేసుకోవాలన్నా, బేస్ మార్చుకోవాలన్నా ముందు ఒక ట్యూనర్ పెడల్ తప్పనిసరి. హెడ్‌ఫోన్ జాక్ లేదు. ఆంప్ లేని స్టేజీ మీద చెవిలో ఇన్ ఇయర్ మానిటర్ పెట్టుకునేవాళ్ళకు ఇది పెద్ద లోటే, మానిటర్ కోసం మళ్ళీ సౌండ్ ఇంజినీర్ మీదే ఆధారపడాలి. కంప్రెసర్ (వాల్యూమ్ హెచ్చుతగ్గులను సమం చేసేది) లేదు, సెట్టింగులు గుర్తుపెట్టుకోదు. వరస ఇలా ఉండాలి: బేస్, ట్యూనర్, కంప్రెసర్ ఉంటే 4:1 నిష్పత్తి ప్రాంతంలో, ఆ తర్వాత ఇది చివర.

మొదలుపెట్టడానికి వేళ్ళతో వాయించే పాసివ్ బేస్‌కు: బ్లెండ్ ఒంటిగంట, డ్రైవ్ పది, ప్రెజెన్స్ పది, బేస్ పన్నెండు, మిడ్ ఒంటిగంట, ట్రెబుల్ పదకొండు. ప్రెజెన్స్‌తో జాగ్రత్త. పన్నెండు దాటితే బుస్‌మనే హిస్, ఫ్రెట్ల మీద వేళ్ళు జారే కీచుమోత రెండూ పైకి వస్తాయి. కొత్త తీగలు వేసిన వారం తొమ్మిదికి దించేయండి.

దీనికి పెట్టే డబ్బుకు ఆరంభస్థాయి బేస్ గిటార్ ఒకటి వస్తుంది. నెలకు ఒక గిగ్ కూడా లేనివాళ్ళకు బెరింజర్ బీడీఐ21 చాలు. నాబ్‌ల వరస పాత శాన్స్ఆంప్‌దే. మిడ్ నాబ్ ఉండదు, ఒళ్ళు ప్లాస్టిక్, స్టేజీ మీద బూటు కింద పడితే కష్టం. యాక్టివ్ బేస్ ఉండి, అందులోని ఈక్యూతోనే (టోన్ నాబ్‌లతోనే) తృప్తి పడేవాళ్ళకు మంచి పాసివ్ డీఐ ఇంకా చవక, బ్యాటరీ బెడద లేదు. వారానికి రెండు మూడు పబ్బుల్లో, ప్రతిచోటా వేరే మిక్సర్ మీద వాయించేవాళ్ళు వీ2 కొనాలి. కొన్నరోజే ఎలక్ట్రానిక్స్ సామాన్లు దొరికే ఎస్‌పీ రోడ్‌కు వెళ్ళి మంచి కనెక్టర్లతో 10 మీటర్ల ఎక్స్‌ఎల్‌ఆర్ కేబుల్ ఒకటి చేయించుకోండి: ఒకటో పిన్ను గ్రౌండ్, రెండు హాట్, మూడు కోల్డ్. పబ్బు కేబుళ్ళు పిన్నుల దగ్గర వదులై ఉంటాయి, దానికి సాయంత్రమంతా మీ పెట్టె మాటపడుతుంది.