హైదరాబాద్ నుంచి లండన్: డైరెక్టా, దోహా మీదుగానా?

అమ్మ, నాన్న, నేను, మా పాప. నలుగురికీ లండన్ టికెట్లు. డైరెక్ట్ ఫ్లైట్‌కి రేటు ఎక్కువని తెలిసిందే, ఎంత ఎక్కువైతే పెట్టొచ్చన్నదే తేల్చుకోవాలి. శంషాబాద్ నుంచి హీత్రూకి బ్రిటిష్ ఎయిర్‌వేస్ నేరుగా వెళ్తుంది, పది గంటల పైచిలుకు ప్రయాణం. దోహా, దుబాయ్, అబుదాబి మీదుగా అయితే మధ్యలో ఎంతసేపు ఆగుతామన్న దాన్ని బట్టి పద్నాలుగు గంటల నుంచి ఇరవై దాకా పట్టొచ్చు. మేం చూసిన రోజున మనిషికి రానుపోను 20 వేల దాకా తేడా ఉంది.

రెండు విమానాలు, రెండు పూటల భోజనం, పైగా చుట్టు తిరిగి వెళ్లడం, అయినా చవకేంటి అన్నారు నాన్న. టికెట్ రేటు కిలోమీటర్లను బట్టి కట్టరు, ఏ ఊరి నుంచి ఏ ఊరికి అన్నదాన్ని బట్టి కడతారు. హైదరాబాద్-లండన్ నేరుగా తిప్పే కంపెనీకి పోటీ తక్కువ, ఆఫీసు పని మీద వెళ్లేవాళ్లు టైము కోసం ఎంతైనా పెడతారు. గల్ఫ్ కంపెనీలు ఒకదానితో ఒకటి పోటీ పడుతూ, సొంత ఊళ్ల జనంతో అంత పెద్ద విమానాలు నిండవు కాబట్టి మనలాంటి వాళ్లని రేటు తగ్గించి లాగుతాయి. దోహాలోనే ఎక్కిన మనిషి ఒక్కోసారి హైదరాబాద్ నుంచి వచ్చి పక్క సీట్లో కూర్చున్న మనకంటే ఎక్కువ పెట్టి కొనుంటాడు, అతనికి అది డైరెక్ట్ కదా! అలాగని దోహాలో ఉన్న మనవాళ్లు హైదరాబాద్ నుంచి టికెట్ తీసుకుని అక్కడే ఎక్కుదామంటే కుదరదు. మొదటి విమానం ఎక్కకపోతే మామూలుగా మిగతా టికెట్టంతా రద్దయిపోతుంది.

ఇంకో సంగతి చాలామంది గమనించరు. ఎకానమీ అంతా ఒకే రేటు కాదు, లోపల అక్షరాల పేర్లతో బోలెడు క్లాసులుంటాయి. చవక క్లాసులో రెండు సీట్లే మిగిలి, మనం నలుగురికి వెతికితే సైటు సాధారణంగా నలుగురికీ పై క్లాసు రేటే చూపిస్తుంది. ముందు ఒక్కరికి, తర్వాత ఇద్దరికి, ఆ తర్వాత నలుగురికి వెతికి చూడండి. రేటు ఎక్కడ ఎగిరిందో అక్కడ టికెట్లను రెండుగా విడగొట్టుకోవచ్చు. కాకపోతే బుకింగ్‌లు వేరవుతాయి, ఒక విమానం రద్దయితే అందరినీ ఒకే దాంట్లో సర్దుతారన్న గ్యారంటీ లేదు. పెద్దవాళ్లు ఉంటే నేనైతే విడగొట్టను.

చివరికి వెళ్లేటప్పుడు డైరెక్ట్, వచ్చేటప్పుడు ఖతార్ ఎయిర్‌వేస్‌లో దోహా మీదుగా తీసుకున్నాం. రెండూ వన్‌వరల్డ్ కూటమిలోవే, ఒకే టికెట్‌లో వచ్చేశాయి. డైరెక్ట్‌లో అమ్మకి వీల్‌చైర్ ఎక్కేచోట ఒకసారి, దిగేచోట ఒకసారి, అంతే, టెన్షన్ లేదు. కనెక్టింగ్ అయితే ప్రతి విమానానికీ వీల్‌చైర్ రిక్వెస్ట్ పడిందో లేదో విడిగా చూసుకోవాలి. దోహా ఎయిర్‌పోర్ట్ మాత్రం బాగుంది. పెద్ద పసుపు టెడ్డీ బొమ్మ దగ్గర పాప ఫొటోలు, లోపలే చెట్లతో పెంచిన తోటలో నాన్న నడక. లోపలున్న ఓరిక్స్ హోటల్లో గంటల లెక్కన గది దొరుకుతుంది, వీసా అక్కర్లేదు, కానీ నాలుగు గంటల కోసం ఆ రేటు పెడితే మిగిల్చుకున్నదంతా అక్కడే అయిపోతుంది. ఎనిమిది గంటలు దాటి ఆగాలంటే, అదీ పెద్దవాళ్లతో అయితే, తీసుకోవచ్చు.

లండన్‌లో ఎక్కేటప్పుడు పడే ఎయిర్ ప్యాసింజర్ డ్యూటీ ఒకటుంది. ఇండియాకి ఎకానమీలో 2025 ఏప్రిల్ నుంచి ఏడాదిపాటు 90 పౌండ్లు పెట్టారు. ఒకే టికెట్ మీద దోహాలో విమానం మారితే ఇది తగ్గుతుందనుకోకండి, చివరి ఊరిని బట్టే లెక్క. 16 ఏళ్ల లోపు పిల్లలకి ఎకానమీలో ఈ పన్ను లేదు. డబ్బు కట్టేముందు రేటు వివరాలు తెరిచి, పిల్లల టికెట్‌లో అది కలిపేశారేమో చూసుకోండి.