సొంత నోట్లలో అప్పా, డాలర్లలో అప్పా: ఏది మేలు?

2022లో జపాన్ ప్రభుత్వ అప్పు ఆ దేశ జీడీపీకి దాదాపు రెండున్నర రెట్లు. శ్రీలంకది అందులో సగం, అటూఇటూగా. లెక్క ప్రకారం ముందు మునగాల్సింది జపాన్. కానీ ఆ ఏడాది ఏప్రిల్ 12న విదేశీ అప్పుల చెల్లింపులు ఆపేస్తున్నామని ప్రకటించింది శ్రీలంక. పెట్రోలు బంకుల ముందు రోజుల తరబడి క్యూలు, ఆసుపత్రుల్లో మందుల కొరత, సెప్టెంబరు నాటికి 70 శాతానికి దగ్గరగా ద్రవ్యోల్బణం. అదే ఏప్రిల్‌లో జపాన్ పదేళ్ల అప్పు మీద వడ్డీ పావు శాతానికి మించలేదు.

అప్పు జీడీపీలో ఎంత శాతం అన్న ఒక్క అంకెతో దేశాలకు మార్కులు వేయడం మనకు బాగా అలవాటు. 90 శాతం దాటితే వృద్ధి పడిపోతుందని 2010లో కార్మెన్ రైన్‌హార్ట్, కెన్నెత్ రోగాఫ్ అనే పేరున్న ఆర్థికవేత్తలు ఒక పత్రం రాశారు. ఎన్నో దేశాల మంత్రులు దాన్ని పట్టుకుని ఖర్చులు కోశారు. మూడేళ్ల తర్వాత మసాచుసెట్స్‌లో ఒక పీహెచ్‌డీ విద్యార్థి ఆ పత్రం వెనకున్న ఎక్సెల్ షీట్ తెరిచి చూస్తే, ఐదు దేశాలు సగటులోకే రాలేదని తేలింది! ఆ 90 శాతం గీతకు అంత మహిమేమీ లేదు. నన్నడిగితే ముందు చూడాల్సింది అప్పు ఏ డబ్బులో తెచ్చారన్నది.

పక్కింటివాళ్ల దగ్గర పది తులాల బంగారం తీసుకుని, ఐదేళ్లకు మళ్లీ పది తులాలు ఇస్తానన్నారనుకోండి. మీ జీతం రూపాయల్లో వస్తుంది. ఈలోగా బంగారం ధర రెట్టింపైతే, మీరు ఒక్క రూపాయి దుబారా చేయకపోయినా మీ అప్పు రెట్టింపే. డాలర్ అప్పు సరిగ్గా ఇలాంటిది. 2022 మార్చి మొదట్లో డాలరు దాదాపు 200 శ్రీలంక రూపాయలు, మే నాటికి 360. అంటే వంద కోట్ల డాలర్ల బాకీ రెండు నెలల్లో 20,000 కోట్ల నుంచి 36,000 కోట్ల రూపాయలైంది. పన్నులేమో రూపాయల్లోనే వస్తాయి.

శ్రీలంక ఇందులోకి మెల్లగా దిగింది. ఒకప్పుడు దాని విదేశీ అప్పు ఎక్కువగా ప్రపంచ బ్యాంకు, ఆసియా అభివృద్ధి బ్యాంకు, జపాన్ లాంటివాళ్లు తక్కువ వడ్డీకి, పాతికా ముప్ఫై ఏళ్ల గడువుతో ఇచ్చినది. దేశం కాస్త ఎదిగేసరికి ఆ మెత్తటి అప్పులు తగ్గాయి. 2007లో మొదటిసారి 50 కోట్ల డాలర్ల బాండ్లు, అంటే మార్కెట్లో అమ్మే అప్పు పత్రాలు, అమ్మింది. ఎక్కువ వడ్డీ, తక్కువ గడువు, గడువు రోజున అసలు మొత్తం ఒకేసారి. పాతవి తీర్చడానికి కొత్తవి అమ్ముతూ నెట్టుకొచ్చింది. 2019 చివర్లో వ్యాట్‌ను 15 నుంచి 8 శాతానికి కోశారు, వెంటనే కోవిడ్ వచ్చి టూరిస్టులు ఆగిపోయారు, 2021లో రసాయన ఎరువులను ఉన్నట్టుండి నిషేధించారు. కొత్త బాండ్లు కొనేవాళ్లు లేకుండా పోయారు. చైనా అప్పుతో కట్టిన హంబన్‌తోట రేవు చూపించి అంతా చైనా వల్లే అనేవాళ్లు మన దగ్గర చాలామంది. నిజానికి చైనాకన్నా ఈ బాండ్లు కొన్నవాళ్లకే శ్రీలంక ఎక్కువ బాకీ పడింది.

జపాన్ అప్పు మొత్తం యెన్‌లలోనే. ఇచ్చినవాళ్లలో ఎక్కువమంది జపాన్ వాళ్లే: బ్యాంకులు, బీమా సంస్థలు, పెన్షన్ నిధులు. బాండ్లలో సగం దాకా ఆ దేశ కేంద్ర బ్యాంకు చేతిలోనే పోగుపడ్డాయి. యెన్ ముద్రించే దేశానికి యెన్‌లు లేవన్న రోజు రాదు. వడ్డీ పెరగకుండా కేంద్ర బ్యాంకే బాండ్లు కొనేయగలదు.

అలాగని ఇది ఉచితం కాదు. బిల్లు వేరేవాళ్లకు వెళ్తుంది, అంతే. రెండు దశాబ్దాలకు పైగా జపాన్ పెద్దవాళ్లు బ్యాంకులో దాచుకున్న డబ్బు మీద వడ్డీ అన్నది దాదాపు చూడలేదు. 1989లో 3 శాతంతో మొదలైన వినియోగ పన్ను 2019కి 10 శాతమైంది. 2024లో డాలరు 160 యెన్‌లు దాటింది, దిగుమతి చేసుకునే పెట్రోలు, తిండి సరుకులు భారమయ్యాయి. ఆ ఏడాది మార్చిలో కేంద్ర బ్యాంకు సున్నా కింది వడ్డీకి స్వస్తి చెప్పింది. ఆ ఏడాది 112 లక్షల కోట్ల యెన్‌ల పైచిలుకు బడ్జెట్‌లో అప్పుల పద్దుకే 27 లక్షల కోట్లు కేటాయించారు. నాలుగో వంతు! వడ్డీలు ఇంకా పెరిగితే ఆ వంతు కూడా పెరుగుతుంది.

ఈ రెండింటి మధ్య గ్రీస్ ఉంది. అది యూరోల్లో అప్పు తెచ్చింది. జనం జేబుల్లో తిరిగే నోటే, కానీ ముద్రణ మాత్రం ఏథెన్స్ చేతిలో లేదు. వంటిల్లు గ్రీస్‌ది, తాళంచెవి ఫ్రాంక్‌ఫర్ట్‌లోని యూరోపియన్ సెంట్రల్ బ్యాంకుది. 2010 మేలో 11,000 కోట్ల యూరోల సాయానికి ఒప్పుకోవాల్సి వచ్చింది. షరతుల ప్రకారం జీతాలు, పెన్షన్లు కోశారు. నిరుద్యోగం 27 శాతం దాటింది, ఆర్థిక వ్యవస్థ నాలుగో వంతు కుంచించుకుపోయింది. 2015లో ఏటీఎంలో రోజుకు 60 యూరోలే ఇచ్చారు. సొంత కరెన్సీ ఉంటే దాని విలువ పడిపోయేది, ఎగుమతులకూ టూరిజానికీ కాస్త ఊపిరి ఆడేది. ఆ దారి గ్రీస్‌కు లేదు.

కాబట్టి నా ఓటు సొంత నోట్లలో అప్పుకే, వడ్డీ ఒకటి రెండు శాతం ఎక్కువైనా సరే. మెట్రోకో, రింగురోడ్డుకో, అమరావతికో ప్రపంచ బ్యాంకు లాంటివాళ్లు దీర్ఘకాలానికి ఇచ్చే విదేశీ అప్పు రెండో స్థానం. మార్కెట్లో అమ్మే డాలర్ బాండు అన్నిటికన్నా అడుగున. భారత్ ఈ విషయంలో జాగ్రత్తగానే ఉంది. 1991లో 47 టన్నుల బంగారం విదేశాల్లో తాకట్టు పెట్టిన రోజులు మరచిపోలేదు. 2019 బడ్జెట్‌లో కేంద్రం విదేశీ కరెన్సీలో బాండ్లు అమ్ముతానంటే రిజర్వ్ బ్యాంకు మాజీ గవర్నర్లే వద్దని గట్టిగా వాదించారు. ఆ ఆలోచన ముందుకు సాగలేదు. మన బ్యాంకులు డిపాజిట్లలో కనీసం 18 శాతం సర్కారీ బాండ్ల లాంటి వాటిలో పెట్టాలన్న నిబంధన ఉంది గనుక, మీ ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో కొంత ఇప్పటికే ఢిల్లీకో, అమరావతికో, హైదరాబాద్‌కో అప్పుగా వెళ్లే ఉంటుంది.

ఇక మన రాష్ట్రాల సంగతి. మంగళవారం రిజర్వ్ బ్యాంకు రాష్ట్రాల బాండ్లు వేలం వేస్తుంది, మర్నాడు పేపర్లో "మరో రెండు వేల కోట్ల అప్పు" అని వస్తుంది, వెంటనే ఎవరో ఒకరు "మనం శ్రీలంక అయిపోతాం" అంటారు. పోలిక తప్పు. రాష్ట్రాలు ఆ వేలంలో తెచ్చేది రూపాయల్లో. విదేశాల నుంచి నేరుగా తెచ్చుకునే అధికారం వాటికి లేదు. కానీ ఆ రూపాయిని అవి ముద్రించలేవు కూడా. పోల్చాలంటే గ్రీస్‌తో పోల్చాలి. తేడా ఏమిటంటే గ్రీస్‌కు లేనిది వీటికి ఉంది: కేంద్ర పన్నుల్లో వాటా.

ఇంకో పోలిక కూడా ఉంది. యూరో దేశాల లోటు జీడీపీలో 3 శాతం మించకూడదని నియమం, మన రాష్ట్రాలు ఏటా తెచ్చే కొత్త అప్పుకూ మామూలుగా పెట్టే హద్దు రాష్ట్ర ఉత్పత్తిలో 3 శాతమే. గ్రీస్ ఏళ్ల తరబడి లెక్కలు సర్ది చూపించింది. 2009 లోటు 15 శాతం దాటిందని తేలేసరికి ఆలస్యమైపోయింది. మన దగ్గర కార్పొరేషన్ల పేరు మీద తెచ్చి, బడ్జెట్ నుంచి తీర్చే అప్పులు చాలాకాలం ఏ పద్దులోనూ కనిపించలేదు. 2022 ప్రాంతం నుంచి కేంద్రం వాటినీ హద్దులో కలిపి లెక్కపెడుతోంది. అప్పట్నుంచి ఆంధ్రా, తెలంగాణ రెండూ ఢిల్లీతో గొడవ పడ్డాయి. అధికారంలో ఉన్నప్పుడు ఆ లెక్క అన్యాయం అన్న పార్టీలే, ప్రతిపక్షంలోకి రాగానే అదే లెక్క తీసి చూపిస్తాయి.