పై పోర్షన్‌కి నెట్: రిపీటరా, మెష్షా, ల్యాన్ వైరా... ఏది మేలు?

హైదరాబాద్‌లో ఫైబర్ కనెక్షన్ ఇచ్చేవాళ్ళు వీధి స్తంభం నుంచి తీగ లాగి, అది ఏ కిటికీలోంచి తేలిగ్గా లోపలికి వస్తే ఆ కిటికీ పక్కనే రూటర్ బిగించి వెళ్తారు. చాలా ఇళ్లలో అది హాల్లో టీవీ వెనక. కంప్యూటరేమో పై పోర్షన్‌లోనో, వెనక బెడ్‌రూమ్‌లోనో ఉంటుంది. మధ్యలో స్లాబు, రెండు గోడలు, ఒక ఇనప బీరువా. హాల్లో 200 ఎంబీపీఎస్ చూపించే కనెక్షన్ ఆ గదికి చేరేసరికి పదికి పడిపోతుంది. ఆఫీసు మీటింగ్ మధ్యలో బొమ్మ ఆగిపోతే ఎంత టెన్షనో ఇంటి నుంచి పనిచేసేవాళ్ళకి తెలుసు. అప్పుడు అందరూ చెప్పే మందులు మూడే: రిపీటర్ (వైఫైని అందుకుని ముందుకు పంపే పెట్టె) పెట్టు, మెష్ (జట్టుగా పనిచేసే రెండు మూడు వైఫై పెట్టెలు) కొను, వైరు లాగించు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. గోడకి హోల్ కొట్టే వీలుంటే వైరే మేలు. ఆ వీలు లేని ఇళ్ళు కూడా బోలెడున్నాయి కాబట్టి మిగతా రెండింటి సంగతీ చూడాలి.

అయితే అసలు ఏదైనా కొనాలా వద్దా అన్నది ముందు తేల్చుకోవాలి. ల్యాప్‌టాప్‌ని రూటర్ దగ్గరికి తీసుకెళ్ళి, ల్యాన్ వైరుతో నేరుగా కలిపి స్పీడ్ చూడండి. అక్కడా తక్కువే ఉంటే తప్పు మీ వైఫైలో లేదు, రూటర్ దాకా వచ్చే లైనులో ఉంది. రూటర్ మీద ‘ఎల్ఓఎస్’ దగ్గర ఎర్రలైటు వెలుగుతోందంటే ఫైబర్‌లో వెలుగు అందడం లేదని అర్థం. లోపల ఉండేది గాజు తీగ. సోఫా కాలి కింద నలిగినా, మూల దగ్గర గట్టిగా మడతపడినా చాలు. వీధిలో తెగినా అంతే. 2025 ఆగస్టులో రామంతాపూర్‌లో కృష్ణాష్టమి రథం ఊరేగింపులో కరెంటు తగిలి ఐదుగురు చనిపోయారు. ఆ తర్వాత స్తంభాల మీది కేబుళ్లు తొలగించినప్పుడు నగరంలో ఎన్నో ఇళ్లకి నెట్ ఆగిపోయింది. అలాంటప్పుడు ఇంట్లో ఎన్ని పెట్టెలు పెట్టినా ఉపయోగం లేదు.

రూటర్ దగ్గర బాగానే ఉంటే, ఇప్పుడు ఇబ్బంది పడుతున్న గదిలో కూర్చోండి. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ‘ఐపీకాన్ఫిగ్’ (ipconfig) అని కొడితే డిఫాల్ట్ గేట్‌వే అని ఒక అడ్రస్ కనిపిస్తుంది, అది మీ రూటర్‌దే. ఎక్కువగా 192.168.1.1 ఉంటుంది. దాన్ని పింగ్ చేయండి, అంటే ‘ping’ అని కొట్టి పక్కన ఆ అడ్రస్ ఇచ్చి, జవాబు ఎంతసేపటికి వస్తుందో చూడండి. వైరు మీద ఒక మిల్లీసెకనులోపే జవాబు వస్తుంది, మంచి వైఫై మీద కొన్ని మిల్లీసెకన్లు పడుతుంది. ఒకసారి 5, మరోసారి 400, మధ్యలో ‘టైమ్డ్ అవుట్’ (జవాబే రాలేదు) అని వస్తుంటే దోషం మీ గోడల మధ్యే ఉంది. కంపెనీకి ఫోన్ చేసి ప్లాన్ పెంచుకుంటే డబ్బు పోవడం తప్ప మార్పు ఉండదు.

పైసా ఖర్చు లేని ప్రయత్నం ఒకటుంది. రూటర్‌ని టీవీ వెనక నుంచి తీసి, ఎత్తుగా, మెట్లవైపు పెట్టి చూడండి. వైఫైకి మామూలుగా రెండు బ్యాండ్లు, అంటే రెండు రేడియో దారులు ఉంటాయి. 5 గిగాహెర్ట్జ్ వేగం ఎక్కువే కానీ గోడ దాటేసరికి నీరసిస్తుంది. 2.4 దూరం వెళ్తుంది కానీ అపార్ట్‌మెంట్‌లో పక్క ఫ్లాట్లన్నీ దానిమీదే ఉంటాయి. అందులో ఒకదానితో ఒకటి తగలని ఛానెళ్లు 1, 6, 11 మాత్రమే. మూడింటిలో ఏది ఖాళీగా ఉంటే దానికి మార్చండి. కొన్ని ఇళ్లలో ఇంతటితోనే పని అయిపోతుంది.

ఇక రిపీటర్. వెయ్యి, రెండు వేలలో వస్తుంది, ప్లగ్ పాయింట్‌లో గుచ్చితే చాలు. అందుకే అందరూ మొదట దీన్నే కొంటారు. చవక రిపీటర్లలో ఉండేది ఒకే రేడియో. రూటర్ నుంచి సిగ్నల్ అదే తీసుకోవాలి, అదే మళ్ళీ మీ కంప్యూటర్‌కి పంపాలి. ఆ రెండు పనుల మధ్య స్పీడ్ దాదాపు సగమవుతుంది. పైగా చాలామంది సిగ్నల్ లేని గదిలోనే దాన్ని పెడతారు. తనకే సరిగా అందనిది అది ఇంకొకరికి ఏం ఇస్తుంది? సగం దారిలో, అంటే మెట్ల మలుపు దగ్గర పెట్టాలి. అక్కడ ప్లగ్ పాయింట్ ఉన్న ఇల్లు అరుదు. గేటు దగ్గర కెమెరాకో, వరండాలో ఫోన్ చూసుకోవడానికో రిపీటర్ సరిపోతుంది. కంప్యూటర్‌కి మాత్రం నేను చెప్పను.

మెష్ సంగతి వేరు. రెండు మూడు పెట్టెలు ఒకే వైఫై పేరుతో కలిసి పనిచేస్తాయి. కింద మాట్లాడుతూ పైకి వెళ్ళినా ఫోన్ తనంతట తానే దగ్గరి పెట్టెకి మారుతుంది. కాస్త ఖరీదు, రెండు పెట్టెలకే కొన్ని వేలవుతుంది. అద్దె ఇంట్లో ఉన్నవాళ్ళకి ఇదే సరైనది, ఖాళీ చేసేటప్పుడు సంచిలో వేసుకుని వెళ్ళిపోవచ్చు. తెల్లాపూర్, నార్సింగి, కోకాపేట వైపు లేస్తున్న టవర్లలో చాలావాటికి ఇటుక గోడలు ఉండవు. అల్యూమినియం షట్టరింగ్ పెట్టి లోపలి గోడలు కూడా కాంక్రీట్‌తోనే పోస్తారు, లోపలంతా ఇనుము. ‘మివాన్’ అంటారు అందరూ. అలాంటి ఫ్లాట్‌లో ఒక్క రూటర్‌తో మూడు బెడ్‌రూములకి అందడం కష్టం. డ్రిల్లింగ్‌కి అసోసియేషన్ ఒప్పుకోవాలి, గోడా లొంగాలి. అక్కడ మెష్ కొనడంలో తప్పు లేదు. పెట్టెల మధ్య ఒక గోడకి మించి రాకుండా, వీలైతే తలుపులు తెరుచుకునే దారి మీదుగా ఒకదానికొకటి కనపడేలా పెట్టండి. అయితే రెండు బ్యాండ్ల సెట్ అయితే పెట్టెలు తమలో తాము మాట్లాడుకునేదీ, మీ కంప్యూటర్‌తో మాట్లాడేదీ ఒకే దారిలో కాబట్టి ఇక్కడా స్పీడ్ కొంత పోతుంది. మూడు బ్యాండ్లవి నయం.

మెష్ పెట్టాక వచ్చే ఫిర్యాదు ఒకటి తరచుగా వింటాను: ప్రింటర్ కనపడటం లేదు అని. కంపెనీ ఇచ్చిన రూటర్ ఒక నెట్‌వర్క్ నడుపుతుంది, మెష్ ఇంకొకటి నడుపుతుంది. ప్రింటర్ అందులో, కంప్యూటర్ ఇందులో. మెష్‌ని ‘యాక్సెస్ పాయింట్ మోడ్’లోకి, అంటే సొంత నెట్‌వర్క్ నడపకుండా కంపెనీ రూటర్‌దే పంచే పద్ధతిలోకి మారిస్తే అంతా ఒకే ఇంటివాళ్ళవుతారు.

ఇప్పుడు వైరు. మల్కాజిగిరిలో మా బాబాయి వాళ్ళది కింద ఒకటి, పైన ఒకటి ఉన్న పాత ఇల్లు. వైరు అనగానే ఆయన, “గోడకి హోల్ కొట్టిస్తే మీ పిన్ని ఊరుకోదురా” అన్నారు. చూస్తే పాత కేబుల్ టీవీ కోసం కొట్టిన హోల్ అప్పటికే ఉంది. అందులోంచే లాగాం. మీ ఇంట్లోనూ ముందు అలాంటివి వెతకండి: డిష్ వైరు దారి, ఏసీ పైపు పక్కన సందు, ల్యాండ్‌లైన్ కోసం గోడ లోపల వదిలిన కన్సీల్డ్ పైపు. మివాన్ ఫ్లాట్లలో కూడా టీవీ, ఫోన్ పాయింట్లకి పైపులు ఉంటాయి. వాటిలో వైరు దూరితే మెష్ కూడా అక్కర్లేదు. కరెంటు వైర్లున్న పైపులో మాత్రం ఎలక్ట్రీషియన్ సరే అన్నా వేయనివ్వకండి.

క్యాట్ 6 రకం ల్యాన్ వైరు తీసుకోండి. 100 మీటర్ల వరకు సెకనుకి ఒక గిగాబిట్ హాయిగా మోస్తుంది, ఇంటికి ఇరవై ముప్పై మీటర్లకి మించి పట్టదు. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో మీటర్ల లెక్కన కొనుక్కోవచ్చు. కొనేటప్పుడు అసలు రాగిదేనా, రాగి పూత పూసిన అల్యూమినియమా అని అడగండి. రెండోది చవక, కానీ తొందరగా విరుగుతుంది. బయటి గోడ మీదుగా వెళ్ళేదైతే అవుట్‌డోర్ రకం కావాలి, మన ఏప్రిల్, మే ఎండకి మామూలు తొడుగు పగిలిపోతుంది. డాబా మీద నుంచి తీసుకెళ్ళకపోవడం మంచిది. ఉరుములు మెరుపుల వానలో ఆ వైరు గుండా ఒక్కసారిగా ఎగసి వచ్చే కరెంటు (సర్జ్) రెండు వైపులా పోర్టుల్ని కాల్చేయగలదు.

పైన చివర కంప్యూటర్‌కే నేరుగా గుచ్చవచ్చు. ఫోన్లకీ వైఫై కావాలంటే అటక మీద పడేసిన పాత రూటర్ చాలు. దాని సెట్టింగ్స్‌లో అడ్రస్‌ని 192.168.1.2గా మార్చి, డీహెచ్‌సీపీ (అడ్రస్‌లు పంచే పని) ఆపేసి, కింది నుంచి వచ్చిన వైరుని ల్యాన్ పోర్టులో పెట్టండి, బయటి నెట్ కోసం ఉండే వ్యాన్ (WAN) పోర్టులో కాదు. కింది రూటర్ అడ్రస్ వేరే వరసలో ఉంటే ఆ వరసలోనే ఖాళీ నంబరు ఇవ్వాలి. కంప్యూటర్‌కి 169.254తో మొదలయ్యే అడ్రస్ వచ్చిందంటే కింది రూటర్ దాకా మాట చేరడం లేదు, వైరు కొసలు చూడండి. 200 ప్లాన్ ఉండి 95 దగ్గరే ఆగితే ఎనిమిది తీగల్లో ఏదో ఒకటి సరిగా తగల్లేదు, లేదా ఆ పాత రూటర్ పోర్టే 100 వరకే తయారైంది. మొదటిదైతే రెండు కొసల్లోనూ రంగులు ఒకే వరసలో ఉండేలా మళ్ళీ క్రింప్ చేయిస్తే, అంటే ప్లగ్గులు కొత్తగా బిగింపిస్తే సరిపోతుంది.

కరెంటు వైర్ల మీదే నెట్ పంపే పవర్‌లైన్ అడాప్టర్లు కూడా ఉన్నాయి. త్రీ ఫేజ్ ఉన్న ఇంట్లో కింద ఒక ఫేజ్, పైన ఒక ఫేజ్ వస్తే అవి సరిగా కలవవు. తిరిగి ఇచ్చే వీలుంటే తప్ప కొనకండి.

డూప్లెక్స్ లాంటి పెద్ద ఇల్లయితే మెష్ పెట్టెల్నే వైరుతో కలపడం అన్నిటికన్నా బాగుంటుంది. చాలా సెట్లలో ఆ వీలుంది, కొనేముందు పెట్టె వెనక ల్యాన్ పోర్టు ఉందో లేదో చూసుకోండి. ఇప్పుడు ఇల్లు కట్టుకుంటున్నవాళ్ళు ప్లాస్టరింగ్‌కి ముందే మేస్త్రీకి చెప్పి, హాలు నుంచి ప్రతి గదికీ కరెంటుతో కలవని ఒక విడి పైపు వేయించండి. మలుపులు తక్కువ పెట్టించి, తర్వాత వైరు లాగడానికి లోపల ఒక ఇనప తీగ వదిలేయమనండి.