హెర్పిస్ టెస్ట్ చేయించుకోవాలా వద్దా అని నలిగిపోతున్నవాళ్ళకి: సురక్ష క్లినిక్ రివ్యూ

గవర్నమెంట్ ఆసుపత్రుల్లో సురక్ష క్లినిక్ అని ఒకటుంటుంది, సుఖవ్యాధులకి ఫ్రీగా చూస్తారు, న్యాకో (దేశంలో ఎయిడ్స్ నియంత్రణ చూసే ప్రభుత్వ సంస్థ) ప్రోగ్రాం కింద నడుస్తుంది. ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కి ఫోన్ చేస్తే వాళ్ళే చెప్పారు, అప్పటిదాకా నాకు దాని పేరే తెలీదు. మా జిల్లా ఆసుపత్రిలో దానికి వెళ్ళొచ్చాక ఇది రాస్తున్నా, మర్మాంగాల దగ్గర వచ్చే హెర్పిస్ గురించి ఎవరినీ అడగలేక లోపల్లోపల కుమిలిపోయేవాళ్ళు చాలామంది ఉంటారని నాకు ఇప్పుడు బాగా తెలుసు కాబట్టి.

నా సంగతి ఏంటంటే, ఇంతకుముందు నాతో రిలేషన్‌లో ఉన్నమ్మాయి ఫోన్ చేసి, తనకి హెర్పిస్ అని డాక్టర్ చెప్పారు, నువ్వు కూడా చూపించుకో అంది. విడిపోయాక కూడా ఫోన్ చేసి చెప్పిందంటే ఆ అమ్మాయి ధైర్యానికి దండం పెట్టాలి. నాకేమో పొక్కు లేదు, మంట లేదు, ఏ ఇబ్బందీ లేదు, ఇంకోపక్క ఇంట్లో సంబంధం ఖాయం చేసి ముహూర్తాలు చూస్తున్నారు.

ముందు ఇంటికొచ్చి రక్తం తీసుకెళ్ళే ల్యాబ్ ఒకదానికి ఫోన్ చేశా, పేరు రాయను. ఎస్టీడీ అంటే సుఖవ్యాధుల ఫుల్ ప్యాకేజీ అంట, వేలల్లో ఉంది. అందులో హెర్పిస్‌కి ఏం చేస్తారండీ అని అడిగితే హెచ్ఎస్వీ 1, 2 ఐజీఎం అన్నాడు, అంటే హెర్పిస్ వైరస్ రెండు రకాలకీ రక్తంలో యాంటీబాడీలు చూసే ఒక పరీక్ష. రెండూ విడివిడిగా వస్తాయా అంటే "అన్నీ వస్తాయి సార్, అడ్రస్ చెప్పండి" అనే మాటే తిప్పితిప్పి. నాకు లక్షణాలు లేవు, అసలు చేయించుకోవాలా అంటే దానికీ అదే సమాధానం. డాక్టర్‌తో ఒక్కసారి మాట్లాడించండి అంటే రిపోర్ట్ వచ్చాక అన్నాడు. ఫోన్ పెట్టేశా.

సురక్ష క్లినిక్ మా దగ్గర ఓపీ బ్లాక్‌లో హెచ్ఐవీ టెస్ట్ చేసే రూమ్ పక్కనే ఉంది. చీటీ తీసుకుని వెళ్తే ముందు కౌన్సెలర్ మేడం దగ్గర కూర్చోబెట్టారు, తలుపు దగ్గరికి వేసి. టేబుల్ మీద కండోమ్ ఎలా వాడాలో చూపించే చెక్క బొమ్మ, పక్కన రంగురంగుల మందుల కిట్లు, ఒక్కో రంగు ఒక్కో సమస్యకి, ఎర్రది హెర్పిస్‌దంట, లోపల ఎసైక్లోవిర్ 400 మాత్రలు. నేను తల దించుకుని ఏదో గొణుగుతుంటే ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న, "బాబూ, ఇప్పుడు పుండు గానీ పొక్కు గానీ ఏమైనా ఉందా?" అంతే, ఎవరితో తిరిగావు, పెళ్ళయిందా లాంటివి కాదు. ఆ ఒక్క ప్రశ్నతోనే నాకు సగం బరువు దిగింది.

తర్వాత డాక్టర్ గారు చెప్పింది నాకు అర్థమైనట్టు రాస్తా. పొక్కు ఉంటే రక్తపరీక్ష కోసం ఆలోచిస్తూ కూర్చోకూడదు, అది ఎండిపోయేలోపే వెళ్ళి చూపించుకోవాలి, దాని మీంచి స్వాబ్ తీసి పీసీఆర్ (వైరస్‌నే నేరుగా పట్టే పరీక్ష) చేస్తే అదే గట్టి టెస్ట్. పొక్కు లేనప్పుడు రక్తంలో చూడాల్సింది హెచ్ఎస్వీ-2 ఐజీజీ, అంటే కింద ఎక్కువగా వచ్చే రెండో రకం వైరస్ మీద ఒంట్లో తయారై ఉండిపోయే యాంటీబాడీ, అది కూడా టైప్ విడిగా చెప్పే టెస్టే. ఐజీఎం దండగ, పాతదా కొత్తదా అన్నది అది తేల్చలేదు, జబ్బు లేకపోయినా పాజిటివ్ చూపిస్తుంది. టైప్-1 ఐజీజీ చేయించినా లాభం లేదు, జ్వరం వచ్చినప్పుడు మూతి పేలే పొక్కులు ఆ వైరస్‌వే, చాలామందికి చిన్నప్పుడే అంటుకుని ఉంటుంది, పాజిటివ్ వస్తే అది నోటిదా కిందిదా అని రక్తం చెప్పదు.

మరి లక్షణాల్లేనివాళ్ళు అందరూ చేయించుకోవాలా అంటే అక్కర్లేదు అన్నారు. అమెరికాలో కూడా లక్షణాల్లేనివాళ్ళకి ఊరికే ఈ రక్తపరీక్ష చేయొద్దని అక్కడి నిపుణుల కమిటీ 2016లో చెప్పి 2023లో మళ్ళీ అదే మాట మీద నిలబడింది, కారణం తప్పు పాజిటివ్‌లు. లేని జబ్బు ఉందని కాగితం చేతికొస్తే మనిషి ఏమైపోతాడో చెప్పక్కర్లేదు కదా, మన దగ్గర పెళ్ళి ముందు అయితే ఇంకా. కానీ పార్టనర్‌కి హెర్పిస్ అని తెలిసినప్పుడు లెక్క వేరు, చివరిసారి శారీరకంగా కలిశాక కనీసం పన్నెండు వారాలు దాటాక చేయించుకుంటే అర్థం ఉంటుంది అన్నారు. చాలా టెస్ట్ కిట్లలో రిపోర్ట్‌లో వచ్చే అంకె 1.1 దాటితే పాజిటివ్ అని వేసేస్తారు, 3 లోపు ఉంటే నమ్మేయకుండా ఇంకో పద్ధతిలో మళ్ళీ చేయించమన్నారు. ఇంత విడమర్చి చెప్పినవాళ్ళు నాకు ఇంకెక్కడా దొరకలేదు.

ఇంకో మాట, ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ మధ్య వాళ్ళలో 84.6 కోట్ల మందికి ఈ మర్మాంగాల హెర్పిస్ ఉంది, అంటే ఐదుగురిలో ఒకరి కంటే ఎక్కువే, ఎక్కువమందికి ఉన్నట్టే తెలీదు. పూర్తిగా పోదు నిజమే, కానీ మందులు ఉన్నాయి, రోజూ వాడితే అవతలివాళ్ళకి అంటుకునే ఛాన్స్ కూడా తగ్గుతుంది, కండోమ్ వల్లా తగ్గుతుంది, రెండిట్లో ఏదీ పూర్తిగా ఆపదు. గర్భంతో ఉన్నవాళ్ళు మాత్రం తమకో భర్తకో అనుమానం ఉంటే డాక్టర్‌కి కచ్చితంగా చెప్పాలి, నెలలు నిండే టైంలో కొత్తగా సోకితే పుట్టే బిడ్డకి ప్రమాదం.

లోటు కూడా చెప్పాలి. హెర్పిస్ స్వాబ్ గానీ ఐజీజీ గానీ మా ఆసుపత్రిలో లేవు, హెచ్ఐవీ, సిఫిలిస్ మాత్రం ఫ్రీగా అక్కడే చేశారు, హెర్పిస్‌ది బయట చేయించుకోవాల్సి వచ్చింది. ఓపీ పొద్దునపూటే, చీటీ లైన్ పెద్దది, బయట బెంచీ మీద తెలిసినవాళ్ళు కనబడతారేమో అని గుండె కొట్టుకుంటూనే ఉంటుంది. సాయంత్రం కూడా ఒక గంట తెరిస్తే ఉద్యోగాలు చేసేవాళ్ళు ఇంకెంతమంది వచ్చేవాళ్ళో.

నేనైతే ప్యాకేజీ జోలికి పోకుండా హెచ్ఎస్వీ-2 ఐజీజీ ఒక్కటే చేయించా. రిపోర్ట్ ఏమొచ్చిందో ఇక్కడ రాయను, తెలియాల్సిన మనిషి నేను పెళ్ళి చేసుకోబోయే అమ్మాయి, తనని కూర్చోబెట్టి మొత్తం చెప్పా. ఎలా చెప్పాలో కూడా కౌన్సెలర్ మేడమే దగ్గరుండి నేర్పించారు, కావాలంటే ఇద్దరూ కలిసి రండి అన్నారు, వెళ్ళాం కూడా.

ఐదుకి నాలుగున్నర ఇస్తా. మీ ఊళ్ళో ఎక్కడుందో తెలియకపోతే 1097కి చేయండి, టోల్ ఫ్రీ.